ఖాళీ రాత్రుల లెక్క: యువ నక్షత్రాల జ్వాలలను గమనించే విధానం

నక్షత్రపు ఉపరితలానికి పైన మెలితిరిగి బిగుసుకుపోయిన అయస్కాంత బలరేఖలు ఒక్కసారిగా తెగి, వేరొక అమరికలో మళ్లీ కలుసుకున్నప్పుడు, అంతవరకు వాటిలో నిలవ ఉన్న శక్తి కొన్ని నిమిషాల్లోనే కాంతిగా, వేడిగా, అతివేగంతో దూసుకుపోయే కణాలుగా బయటపడుతుంది. ఈ ఘటనకే జ్వాల అని పేరు. సూర్యుడి మీద ఇటువంటి జ్వాలను మామూలు తెల్లని కాంతిలో మొట్టమొదట గుర్తించినవారు, 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో వేర్వేరు చోట్ల నుంచి సూర్యబింబాన్ని పరిశీలిస్తున్న రిచర్డ్ కారింగ్టన్, రిచర్డ్ హాడ్జ్‌సన్. వారు చూసిన వెలుగు దాదాపు ఐదు నిమిషాల్లో అణగిపోయింది గాని, ఆ తరువాత సుమారు 17 గంటలకు భూమి అయస్కాంత క్షేత్రంలో రేగిన తుఫాను అనేక దేశాల్లో టెలిగ్రాఫ్ వ్యవస్థను అస్తవ్యస్తం చేసింది. సూర్యుడు 460 కోట్ల సంవత్సరాల వయసు గల, నెమ్మదిగా తిరిగే నక్షత్రం. పుట్టి రెండు మూడు కోట్ల సంవత్సరాలే గడిచిన నక్షత్రాల మీద జ్వాలలు ఇంతకంటె ఎంతో తరచుగా, ఎంతో తీవ్రంగా పుడతాయి. అటువంటి నక్షత్రం చుట్టూ గ్రహాలు కూడా తిరుగుతుంటే, వాటి వాతావరణాలు నిలుస్తాయా, చెదిరిపోతాయా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ జ్వాలల లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

ఆ లెక్క తేల్చే పనిలో పెద్ద వేధశాలలతో పాటు, చిన్న టెలిస్కోపు ఉన్న కళాశాల ఖగోళ సంఘానికీ, డాబా మీద ఒంటరిగా కూర్చునే ఓపికగల పరిశీలకుడికీ చోటు ఉంది. అయితే ఇందులో నిలదొక్కుకోవడానికి పరికరం కంటె ముందు ఒక అలవాటు కావాలి: ఏమీ జరగని గంటలను కూడా, జరిగిన గంటలంత శ్రద్ధగా నమోదు చేసే అలవాటు. వర్షమాపకం చూసే ఉద్యోగి చినుకు పడని రోజున కూడా రిజిస్టరులో సున్నా రాస్తేనే ఆ ఊరి వార్షిక వర్షపాతానికి అర్థం ఉన్నట్టుగా, జ్వాల కనిపించని రాత్రిని కూడా రాసిపెట్టినప్పుడే కనిపించిన జ్వాలకు విలువ వస్తుంది. ఈ అధ్యాయంలోని సాంకేతిక వివరాలన్నీ ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతాయి. ఎందుకంటే పరికరాలు కొనుక్కోగలిగినవారు చాలామందే ఉన్నా, ఖాళీ రాత్రిని విఫలమైన రాత్రిగా భావించక నిబద్ధతతో పట్టికకెక్కించేవారు తక్కువ.

ఒక నిర్దిష్టమైన నక్షత్రాన్ని ఎదురుగా పెట్టుకుంటే విషయం తేటపడుతుంది. మకర రాశికి దక్షిణాన ఉన్న మైక్రోస్కోపియం అనే చిన్న నక్షత్రమండలంలో ఏయూ మైక్రోస్కోపీ అనే ఎర్రని మరుగుజ్జు నక్షత్రం ఉంది. ఎర్రని మరుగుజ్జు అంటే సూర్యుడి కంటె తక్కువ ద్రవ్యరాశితో, తక్కువ వేడితో వెలిగే నక్షత్రం. దీని దూరం సుమారు 32 కాంతి సంవత్సరాలు, ద్రవ్యరాశి సూర్యుడిలో సగం, ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 3,700 కెల్విన్, వయసు సుమారు 2.2 కోట్ల సంవత్సరాలు. సూర్యుడి మధ్యరేఖా ప్రాంతం ఒక చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకుంటుంటే, ఈ నక్షత్రం 4.86 రోజుల్లోనే ఒక చుట్టు పూర్తి చేస్తుంది. నక్షత్రం లోపల మరుగుతూ పొర్లే విద్యుదావేశిత ద్రవ్యం ఎంత వేగంగా తిప్పబడితే అయస్కాంత క్షేత్రం అంత బలంగా పుడుతుంది గనుక, యువ నక్షత్రాల అలజడికి ఈ వేగమే మూలం. వయసు పెరిగే కొద్దీ నక్షత్రం నుంచి వీచే కణాల గాలి దాని భ్రమణాన్ని క్రమంగా మందగింపజేస్తుంది, దానితో పాటు జ్వాలలూ తగ్గుతాయి.

ఏయూ మైక్రోస్కోపీ చుట్టూ గ్రహాల నిర్మాణంలో మిగిలిన ధూళి, రాళ్ల ముక్కలతో కూడిన పెద్ద చక్రం ఉన్నట్టు 2004లో ప్రకటించారు. అది భూమి నుంచి చూసేవారికి అంచు వైపు నుంచి, సన్నని గీతలా కనిపిస్తుంది. ఆ తరువాత 2018 ఏప్రిల్‌లో ప్రయోగించిన టెస్ అనే అమెరికా అంతరిక్ష టెలిస్కోపు తన మొదటి విడత పరిశీలనలోనే ఈ నక్షత్రాన్ని 27 రోజుల పాటు చూసింది. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. దీనిని సంక్రమణం అంటారు. పీటర్ ప్లావ్‌చన్ నాయకత్వంలోని బృందం 2020 జూన్‌లో ప్రకటించిన ‘బి’ అనే గ్రహం ఇలా దొరికినదే. దాని పరిమాణం నెప్ట్యూన్‌కు దగ్గరగా ఉంటుంది, నక్షత్రానికి కేవలం కోటి కిలోమీటర్ల దూరంలో 8.46 రోజులకు ఒకసారి చుట్టి వస్తుంది. 18.86 రోజుల కక్ష్య గల ‘సి’ అనే మరో గ్రహం కూడా తరువాత నిర్ధారణ అయింది.

ఈ ఆవిష్కరణలో జ్వాలల పాత్ర ఏమిటో దగ్గరగా చూడవలసి ఉంది. ‘బి’ గ్రహం ముందు నుంచి దాటినప్పుడు నక్షత్రపు వెలుగు తగ్గేది సుమారు 400లో ఒక వంతు మాత్రమే. నక్షత్రం మీది నల్లమచ్చలు భ్రమణంతో పాటు ముందుకూ వెనక్కీ తిరుగుతూ ఉండడం వల్ల కలిగే హెచ్చుతగ్గులు దీనికి ఎన్నో రెట్లు. వీటి మీద రోజుకు సగటున రెండు చొప్పున జ్వాలలు వచ్చి పడుతుంటాయి. మొదటి విడత పరిశీలనలో దొరికిన రెండు సంక్రమణాల మధ్య దాదాపు 17 రోజుల ఎడం ఉంది, సరిగ్గా మధ్యలో సమాచారం లేని విరామం వచ్చింది. అందువల్ల గ్రహం 17 రోజులకు ఒకసారి తిరుగుతోందా, అందులో సగానికే తిరుగుతోందా అన్నది స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలన వచ్చేదాకా తేలలేదు. చూడని కాలాన్ని చూడలేదని స్పష్టంగా గుర్తించి, దానిలో ఏముందో ఊహతో నింపకపోవడం వల్లనే ఆ ప్రశ్న సరిగా అడగబడింది, సరైన జవాబు దొరికింది. చిన్న టెలిస్కోపు వద్ద కూర్చునే పరిశీలకుడు అలవరచుకోవలసిన క్రమశిక్షణ కూడా అచ్చంగా ఇదే.

జ్వాల పుట్టినప్పుడు జరిగేదానిని కొంత వివరంగా తెలుసుకుంటే, ఏ రంగులో, ఎంత వేగంగా చూడాలో దానంతట అదే అర్థమవుతుంది. బలరేఖలు తిరిగి కలుసుకునే చోట వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంట కిందికి దూసుకువచ్చి, వర్ణావరణం అనే పలుచని పొరను ఢీకొంటాయి. నక్షత్రపు కనిపించే ఉపరితలానికి కాస్త పైన, అంతకంటె వేడిగా ఉండే పొరకే వర్ణావరణం అని పేరు. ఆ దెబ్బకు అక్కడి వాయువు సుమారు పదివేల కెల్విన్‌ల వరకు వేడెక్కి, తెల్లని నీలపు కాంతితో వెలుగుతుంది. ఆ తరువాత మరుగుతున్న వాయువు పైకి ఎగసి, కోట్ల డిగ్రీల వేడితో ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది. నీలికాంతి ముందు చప్పున లేచి పడిపోవడం, ఎక్స్-కిరణాలు నింపాదిగా పెరిగి నింపాదిగా తగ్గడం మామూలుగా కనిపించే వరుస గాని, ప్రతి జ్వాలా ఈ వరుసను పాటించదు. 2018 అక్టోబరులో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అంతరిక్ష వేధశాలతో పాటు రేడియో, దృశ్యకాంతి టెలిస్కోపులు కలిసి ఏడు రోజుల పాటు ఏయూ మైక్రోస్కోపీని చూసినప్పుడు 73 జ్వాలలు నమోదయ్యాయి. వాటిలో ఈ క్రమాన్ని పాటించనివి కూడా గణనీయంగా ఉన్నాయి.

వర్ణావరణ పరిశోధన ప్రస్తావన వచ్చినప్పుడు హైదరాబాదును తలచుకోవడం సముచితం. ఎం.కె. వైను బప్పు బాల్యం హైదరాబాదులోనే గడిచింది. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో టెలిస్కోపులు ఆయనకు చిన్ననాడే చేరువయ్యాయి, చదువు నిజాం కళాశాలలో సాగింది. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన నిరూపించిన సంబంధం, కాల్షియం వర్ణరేఖ మధ్యలో వర్ణావరణం వెలువరించే కాంతి ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రపు సహజ ప్రకాశం అంత ఎక్కువని చెబుతుంది. విల్సన్–బప్పు ప్రభావంగా అది నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉంది. జ్వాల సమయంలో ఉబ్బెత్తుగా లేచే వర్ణరేఖల్లో ఆ కాల్షియం రేఖ కూడా ఒకటి.

ఎర్రని నక్షత్రం మీద నీలికాంతి జ్వాల పుడుతుంది గనుక, నీలివైపు చూసేవారికే జ్వాల స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపు, పరారుణ కాంతిలో నక్షత్రపు సొంత వెలుగు దండిగా ఉండడంతో అదే జ్వాల ఒకటి రెండు శాతం పెరుగుదలగా మాత్రమే తేలవచ్చు. అందువల్ల ఖగోళ పరిశీలకులు ‘బి’ ఫిల్టర్ అని పిలిచే నీలి గాజును కెమెరా ముందు అమర్చుకోవడం మొదటి నియమం. ‘యు’ అనే అతినీలలోహిత ఫిల్టర్ ఇంకా మేలు గాని, చాలా కెమెరాలకు ఆ కాంతిలో చూపు మందం. ఏయూ మైక్రోస్కోపీ దృశ్యకాంతిలో 8.7 ప్రకాశ పరిమాణం గలది. ప్రకాశ పరిమాణం అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది, కంటికి కనిపించే హద్దు సుమారు 6. కంటికి అందదు గాని, 15 నుంచి 20 సెంటీమీటర్ల టెలిస్కోపుకు, చల్లబరచిన సీమాస్ కెమెరాకు అది సునాయాసంగా అందుతుంది.

తెలుగు రాష్ట్రాల వారికి ఇక్కడ రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, ఈ నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు 31 డిగ్రీలు దక్షిణాన ఉండడం వల్ల హైదరాబాదు నుంచి చూస్తే దిగ్వలయానికి 41 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. తిరుపతిలో 45 డిగ్రీలు. రెండోది, అది నడిరాత్రి గరిష్ఠ ఎత్తులో ఉండే కాలం జూలై, ఆగస్టు నెలలు, అంటే నైరుతి రుతుపవనాల మబ్బులు కమ్మి ఉండే రోజులు. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున, వానలు వెనుకపట్టిన అక్టోబరులో రాత్రి తొలిజామున చూడడమే మార్గం. అక్టోబరు రెండో వారంలో రాత్రి 8 గంటలకు కాస్త ముందు అది సరిగ్గా దక్షిణాన గరిష్ఠ ఎత్తులో ఉంటుంది. అప్పటి నుంచి రెండు గంటలకు పైగా పనికివచ్చే ఎత్తులోనే నిలుస్తుంది. అభ్యాసం కోసమైతే సింహ రాశిలోని ఏడీ లియోనిస్ అనే మరో జ్వాలా నక్షత్రం మేలు: ఫిబ్రవరి, మార్చి నెలల పొడి ఆకాశంలో అది హైదరాబాదుకు దాదాపు నడినెత్తిన దాటుతుంది. దాని చుట్టూ ఒక గ్రహం ఉందన్న ప్రతిపాదన తరువాతి పరిశీలనల ముందు నిలవలేదు గాని, జ్వాలలు మాత్రం నమ్మకంగా వస్తాయి. గ్రహాలున్న యువ నక్షత్రమే కావాలనుకునే శీతాకాలపు పరిశీలకుడికి వృషభ రాశిలో వి1298 టౌరి ఉంది; నాలుగు గ్రహాలు గల ఆ నక్షత్రం వయసు కూడా రెండు కోట్ల పైచిలుకే, ప్రకాశ పరిమాణం 10కి దగ్గర.

పరిశీలన పద్ధతి పేరు సాపేక్ష ప్రకాశమాపనం. లక్ష్య నక్షత్రాన్నీ, దాని సమీపంలో వెలుగు మారని రెండు మూడు నక్షత్రాలనూ ఒకే ఛాయాచిత్రంలో పట్టి, లక్ష్యపు వెలుగును వాటితో పోల్చి చెప్పడం ఇందులోని సారం. గాలిలో తేమ, పలుచని మబ్బు, నక్షత్రం కిందికి వాలడం వంటివి అన్నింటి వెలుగునూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి గనుక, పోలికలో అవి కొట్టుకుపోతాయి. పోల్చే నక్షత్రాల్లో ఒకదానిని తనిఖీ నక్షత్రంగా వేరుగా ఉంచి, దాని వెలుగు రాత్రంతా నిలకడగా ఉన్నదా లేదా అని చూసుకోవాలి. 1911 నుంచి చర నక్షత్రాల వివరాలు సేకరిస్తున్న ఏఏవీఎస్‌ఓ అనే అమెరికా పరిశీలకుల సంఘం ఏ నక్షత్రానికి ఏవి పోలిక నక్షత్రాలో చూపే పటాలను ఉచితంగా ఇస్తుంది. ఒక్కో ఛాయాచిత్రానికి 5 నుంచి 20 సెకన్లు, రెండింటి మధ్య వీలైనంత తక్కువ విరామం ఉండేలా, నక్షత్రం నడుమనున్న పిక్సెల్ తన పరిమితిలో మూడింట రెండు వంతులు దాటకుండా వ్యవధిని ఎంచుకోవాలి. పిక్సెల్ నిండిపోతే జ్వాల శిఖరం కత్తిరించినట్టు చదునుగా పడుతుంది, ఆ రాత్రి కష్టమంతా వృథా అవుతుంది. కెమెరా మూత మూసి తీసే చీకటి చిత్రాలు, సమంగా వెలుగుతున్న తెర మీద లేదా సంధ్యాకాశం మీద తీసే సమకాంతి చిత్రాలు లేకుండా ప్రకాశమాపనానికి పూనుకోకూడదు. కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో గాని, జీపీఎస్‌తో గాని పరిశీలనకు ముందే సరిచేయాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ నక్షత్రానికి దగ్గరగా, దూరంగా జరగడం వల్ల కాంతి చేరే సమయంలో ఎనిమిది నిమిషాల వరకు తేడా వస్తుంది గనుక, ఇతర వేధశాలల సమాచారంతో కలిపేటప్పుడు సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సరిదిద్దిన సమయాన్నే వాడాలి.

ఇంత సిద్ధపడిన తరువాత మొదలయ్యే నిరీక్షణలోనే పరిశీలకుడి స్వభావానికి పరీక్ష ఎదురవుతుంది. రోజుకు రెండు జ్వాలలు అన్న సగటును తీసుకుంటే, నాలుగు గంటల పరిశీలనలో కనీసం ఒక్క జ్వాలైనా కనిపించే అవకాశం వందకు ముప్ఫైకి లోపే. అంటే పది రాత్రులు కూర్చుంటే దాదాపు ఏడు రాత్రులు ఖాళీగా గడుస్తాయని లెక్కే చెబుతోంది. పైగా జ్వాలలు చాలావరకు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా వస్తాయి గనుక, మూడు రాత్రులు రాలేదు కాబట్టి నాలుగో రాత్రి తప్పక వస్తుందనుకోవడం సరికాదు. ఈ సంగతి ముందే తెలిసినవాడు ఐదో ఖాళీ రాత్రిన నిరాశపడి పరికరాలు కట్టిపెట్టడు, ఆరో రాత్రిన కాస్త అనుమానాస్పదంగా లేచిన గీతను జ్వాలగా ప్రకటించాలన్న ఆత్రానికి లోనుకాడు. ఈ ఆత్రమే పరిశీలకులను చాలాసార్లు దారి తప్పిస్తుంది.

నిజమైన జ్వాలకు ఒక రూపం ఉంది. సమయాన్ని అడ్డంగా, వెలుగును నిలువుగా వేసి గీసిన కాంతివక్రంలో అది నిమిషం రెండు నిమిషాల్లో నిటారుగా పైకి లేస్తుంది; శిఖరం దగ్గర క్షణకాలం నిలిచి, సగం ఎత్తు వరకు చప్పున జారి, అక్కడి నుంచి పది నిమిషాలో, అరగంటో, ఒక్కోసారి అంతకు మించో తోకలా నెమ్మదిగా అణగుతుంది. ఒకే ఒక్క ఛాయాచిత్రంలో మాత్రమే వెలుగు పెరిగి, తరువాతి చిత్రంలో యథాస్థితికి వస్తే అది కాస్మిక్ కిరణం కెమెరాను తాకిన గుర్తు గాని, కృత్రిమ ఉపగ్రహం దాటిన జాడ గాని అయి ఉండవచ్చు. పలుచని మబ్బు ముక్క ముందుగా పోలిక నక్షత్రాన్ని కప్పి, ఆ తరువాత లక్ష్యం మీదికి జరిగితే, మొదటి నిమిషంలో పోలిక నక్షత్రపు వెలుగు తగ్గినందున లక్ష్యం పెరిగినట్టు కనిపిస్తుంది. అక్టోబరు ఆకాశంలో ఇది తరచుగా జరుగుతుంది. టెలిస్కోపు అనుసరణలో లోపం వల్ల నక్షత్రం మురికి పడ్డ పిక్సెల్ నుంచి శుభ్రమైన పిక్సెల్‌కు జరిగినా కృత్రిమమైన పెరుగుదల వస్తుంది. అందువల్ల పెరుగుదల కనిపించిన ప్రతిసారీ పరిశీలకుడు తనిఖీ నక్షత్రపు వక్రాన్నీ, పోలిక నక్షత్రాల మొత్తం వెలుగునూ, నక్షత్రం చిత్రంలో ఉన్న స్థానాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, చివరికి ఆ ఛాయాచిత్రాలను ఒక్కొక్కటిగా కంటితో పరీక్షించాలి. తనకు అనుకూలమైన ఫలితాన్నే ఎక్కువగా అనుమానించే ఈ గుణం ఖగోళానికే పరిమితమైనది కాదు గాని, ఖగోళంలో అది లేనివాడి లెక్క ఎవరికీ ఉపయోగపడదు.

జ్వాల నిజమని తేలిన తరువాత దాని శక్తిని కట్టాలి. ఇందుకు వాడే కొలమానం సమతుల్య వ్యవధి: జ్వాల అదనంగా ఇచ్చిన వెలుగును, ప్రశాంతంగా ఉన్న నక్షత్రం ఎన్ని సెకన్లలో ఇస్తుందో చెప్పే అంకె. ఒక జ్వాల 600 సెకన్ల పాటు సాగి, ఆ వ్యవధిలో సగటున 2 శాతం వెలుగు పెంచితే, సమతుల్య వ్యవధి 600ను 0.02తో గుణించగా వచ్చే 12 సెకన్లు. ఏయూ మైక్రోస్కోపీ మొత్తం ప్రకాశం సూర్యుడిలో దాదాపు పదో వంతు. అందులో ఫిల్టర్ గుండా దాటే భాగం సెకనుకు 1 పక్కన 32 సున్నాలు గల ఎర్గులు అనుకుంటే, 12 సెకన్లకు ఆ జ్వాల శక్తి 1 పక్కన 33 సున్నాలు గల ఎర్గులను మించుతుంది. ఆ హద్దు దాటినదానిని మహాజ్వాల అంటారు; కారింగ్టన్ చూసిన సౌరజ్వాల ఈ హద్దుకు లోపే ఉంటుందని అంచనా. డాబా మీది చిన్న టెలిస్కోపు పట్టిన ఒక మోస్తరు వంపు వెనుక ఇంత శక్తి ఉన్నదని లెక్క చెప్పినప్పుడు కలిగే ఆశ్చర్యం ఈ పనికి లభించే నిజమైన ప్రతిఫలాల్లో ఒకటి.

ఇప్పుడు ఖాళీ గంటల దగ్గరకు తిరిగి రావాలి. ఒక పరిశీలకుడు ఒక రుతువులో మొత్తం 40 గంటలు చూసి, మూడు జ్వాలలు పట్టాడనుకుంటే, గంటకు రేటు 0.075. అతడు జ్వాల వచ్చిన మూడు రాత్రుల సమాచారాన్ని మాత్రమే పంపి, ఆ మూడు రాత్రుల పరిశీలన మొత్తం 9 గంటలే అయితే, చదివేవారికి గంటకు 0.33 అన్న రేటు వస్తుంది. అంటే నక్షత్రం ఉన్నదానికి నాలుగు రెట్లకు పైగా అలజడిగా ఉన్నట్టు తేలుతుంది. పంపిన ప్రతి అంకె నిజమే అయినా, మొత్తం అబద్ధమవుతుంది. ఆ రేటును ఆధారం చేసుకుని గ్రహం మీద పడే అతినీలలోహిత కాంతిని లెక్కించే శాస్త్రజ్ఞుడు ఆ గ్రహపు వాతావరణానికి అకాల మరణం రాసిపెట్టే ప్రమాదం ఉంది. కనుక చూడడం మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, మధ్యలో మబ్బు వల్ల పోయిన నిమిషాలు, వీటితో పాటు ఆ రాత్రి వెలుగు కొలతల్లో ఉన్న చెదురు ఎంతో కూడా రాయాలి. చెదురు అంటే నక్షత్రం ప్రశాంతంగా ఉన్నా అంకెలు పైకీ కిందికీ ఊగే మేర. చెదురు 1 శాతం ఉన్న రాత్రి అర శాతపు జ్వాల వచ్చినా తెలియదు. ఆ రాత్రి ఎంత చిన్న జ్వాలను పట్టగలిగేదో తెలిస్తేనే, చిన్నవి ఎక్కువగా, పెద్దవి అరుదుగా వచ్చే ఈ ఘటనల పంపిణీని సరిగా గీయగలుగుతారు.

గ్రహాల వైపు నుంచి చూస్తే ఈ జాగ్రత్త ఎంత అవసరమో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనలు చూపించాయి. ఏయూ మైక్రోస్కోపీ ‘బి’ గ్రహం వాతావరణం నుంచి హైడ్రోజన్ తప్పించుకుపోతున్నదా అని రెండు వేర్వేరు సంక్రమణాల సమయంలో, ఏడాదికి పైగా ఎడంతో పరిశీలిస్తే, మొదటిసారి ఏ జాడా కనిపించలేదు. రెండోసారి గ్రహానికి ముందుగా సాగుతున్న హైడ్రోజన్ స్పష్టంగా కనిపించింది. నక్షత్రపు గాలిలో, జ్వాలల్లో వచ్చే మార్పులు దీనికి కారణం కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. మొదటి ఖాళీ పరిశీలనను పక్కన పడేసి ఉంటే, ఆ వాతావరణ నష్టం నిరంతరం ఒకే తీరుగా సాగుతుందన్న తప్పుడు అభిప్రాయమే మిగిలేది.

టెలిస్కోపు లేనివారికి కూడా ఈ పని మూసుకుపోలేదు. టెస్ సేకరించిన కాంతివక్రాలన్నీ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. లైట్‌కర్వ్ అనే పైథాన్ ఉపకరణంతో వాటిని ఇంట్లో కంప్యూటర్ మీదనే తెరిచి, మచ్చల వల్ల కలిగే నిదానమైన అలను తీసివేసి, మిగిలిన దానిలో జ్వాలలను వెతకవచ్చు. 2020 జూలై నాటి రెండో విడతలో 20 సెకన్లకు ఒక కొలత చొప్పున సమాచారం ఉంది; రెండు నిమిషాల కొలతల్లో మొద్దుబారిపోయే శిఖరాలు అందులో పదునుగా కనిపిస్తాయి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ అనే భారత ఉపగ్రహం అతినీలలోహిత, ఎక్స్-కిరణ టెలిస్కోపులను ఒకే వేదిక మీద మోసుకెళ్లినందువల్ల, ఒకే జ్వాలను ఒకేసారి రెండు కాంతుల్లో చూసే వీలు కల్పించింది. 2017లో చంద్ర, హబుల్ టెలిస్కోపులతో పాటు అది ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రపు జ్వాలను గమనించింది. దాని సమాచారం కూడా పరిశోధకులకు తెరిచే ఉంది. సొంత టెలిస్కోపు కొనాలని తొందరపడేవారు ముందుగా ఒక నెల రోజులు ఇటువంటి సిద్ధంగా ఉన్న కాంతివక్రాల మీద కన్నును తీర్చిదిద్దుకోవడం మంచిది. జ్వాల రూపం కంటికి అలవాటైనవాడు తన తొలి పరిశీలనలో మబ్బును చూసి మోసపోడు.

అక్టోబరులో ఏయూ మైక్రోస్కోపీ హైదరాబాదుకు దక్షిణాన గరిష్ఠ ఎత్తుకు చేరే వేళకు దక్షిణాఫ్రికా వేధశాలల మీద ఇంకా ఎండ కాస్తూ ఉంటుంది, తూర్పు ఆస్ట్రేలియాలో ఆ నక్షత్రం పడమటికి వాలిపోతూ ఉంటుంది. ఆ రెండు మూడు గంటల పాటు దానిని మంచి ఎత్తులో చూడగల నేలల్లో భారతదేశం ముఖ్యమైనది. వానలు వెనుకపట్టాక కళాశాల ఖగోళ సంఘాలు వారానికి రెండు రాత్రులైనా ఈ నక్షత్రానికి కేటాయించాలనీ, తీసిన కొలతలన్నిటినీ, జ్వాల ఒక్కటీ రాని రాత్రుల కొలతలను కూడా, ఏఏవీఎస్‌ఓ భాండాగారానికి పంపాలనీ విజ్ఞప్తి.